కత్తెర అందని కొమ్మలు

ఒమన్‌లో జబల్ అఖ్దర్ కొండ మీద, సైక్ ఊరి చివర, ఏడు గదుల గెస్ట్‌హౌస్ ఒకటుంది. దాని యజమానురాలి పేరు రుఖయ్యా. ముప్ఫై ఏళ్ళు బడిలో చదువు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి ఊళ్ళో అందరూ ఆమెను 'ఉస్తాదా' అంటారు, మనం పంతులమ్మా అన్నట్టు. ఆమె దగ్గర తోటపనికి కుదిరిన లింబాద్రి కూడా అట్లాగే పిలిచేవాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది హిందీలో, మధ్యమధ్య అరబ్బీ ముక్కలు కలుపుకుని.

లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. ఒమన్ వచ్చిన మొదటి ఆరేళ్ళూ కింద మస్కట్‌లో, అజైబాలో ఒక కంపెనీ ఆవరణలో కంచె మొక్కలు కత్తిరించాడు. అతను కత్తిరించిన వరుస పక్కన దారం పట్టి చూసినా ఎక్కడా వేలెడు తేడా ఉండేది కాదు. ఆ పనితనం చూసే ఉస్తాదా అతన్ని కొండ మీదికి తెచ్చుకుంది.

తోటలో ఆమెకు అన్నిటికన్నా ఎక్కువైనవి రాతిగోడ వెంట ఉన్న పన్నెండు పొదలు. ఫోర్సీతియా అని వాటి పేరు. లింబాద్రికి నోరు తిరగక 'పార్సితి' అనేవాడు. వయసులో ఉన్నప్పుడు ఉస్తాదా రెండేళ్ళు ఇంగ్లండులో చదువుకుంది. మొదటి చలికాలం గడిచేసరికి ఆ మబ్బులకు, ఆ ఒంటరితనానికి తట్టుకోలేక పెట్టె సర్దుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున పక్కింటి ముందు ఈ పొద కనబడిందట. ఆకు ఒక్కటి లేదు, కొమ్మకొమ్మకూ పసుపు పచ్చటి పూలే.

"ఎండ అంటే ఎట్లా ఉంటుందో మళ్ళీ గుర్తొచ్చింది లింబాద్రీ. పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ అల్మారాలో పెట్టేశాను" అని చెప్పిందామె.

ఈ చెట్టు పూయాలంటే చలి తగలాలి. మస్కట్‌లో ఆ చలి ఎక్కడిది? కొండ మీద మాత్రం జనవరిలో తెల్లారేసరికి బకెట్ నీళ్ళ మీద మంచు పొర కడుతుంది. అందుకే నర్సరీ వాళ్ళ వెంటపడి మరీ పన్నెండు మొక్కలు తెప్పించింది. లింబాద్రి చేతుల మీదే నాటించింది.

అతను వాటిని పసిపిల్లల్ని చూసినట్టు చూశాడు. మాగిన మేక ఎరువు మోసి వేశాడు. ఫలజ్ కాలువ నీళ్ళ వంతు వచ్చిన రోజున ముందు వాటి పాదులకే మళ్ళించాడు. పొదలు ఏపుగా పెరిగాయి. ప్రతి డిసెంబర్‌లో, కొత్త సంవత్సరానికి అతిథులు వచ్చేముందు, పెద్ద కత్తెర పట్టుకుని వాటిని పెట్టెలు పేర్చినట్టు నాలుగు పలకలుగా దిద్దేవాడు. కిటికీలోంచి చూసి ఉస్తాదా మెచ్చుకునేది.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, పువ్వు మాత్రం పూయలేదు. మొదటి ఏడాది చిన్న మొక్కలు కదా అనుకున్నారు. రెండో ఏడూ ఆకులే వచ్చాయి. మూడో ఏడు ఫిబ్రవరిలో పక్క తోటలో బాదం చెట్లు విరగబూసినా ఈ పొదలు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఇక చాలు" అంది ఉస్తాదా ఒక రోజు. "నా మొండితనం తప్ప మరేం కాదు. తీసేద్దాం."

మేనేజర్ ఖమరుద్దీన్‌కు కావలసింది అదే. కరీంనగర్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఒమన్‌లో ఉన్న మనిషి. అతిథుల కార్లకు చోటు చాలడం లేదని ఏడాదిగా పోరుతున్నాడు. పై శనివారానికి జేసీబీ మాట్లాడేశాడు.

గురువారం పొద్దున లింబాద్రి గోడ దగ్గరికి వెళ్ళాడు. పోయిన జూలైలో గాలివానకు గోడ చివర కొంత కూలి, చివరి పొద వెనక రాళ్ళు కుప్ప పడ్డాయి. పార్కింగ్ కోసం గోడ తీసేద్దామని ఖమరుద్దీన్ ఎట్లాగూ అంటున్నాడు కదా అని ఎవరూ ఎత్తలేదు. జేసీబీ వచ్చేలోపు మంచి రాళ్ళు ఏరి పక్కన పెడదామని లింబాద్రి ఆ కుప్ప ఎక్కి అవతలికి తొంగి చూశాడు.

చూసి, ఇంకో రెండు రాళ్ళెక్కి కొమ్మలు చేత్తో తప్పించాడు.

పొద వెనకవైపంతా పసుపు. వంగిన కొమ్మల నిండా, మొదలు నుంచి కొస దాకా, నాలుగేసి రేకుల పూలు. ముందువైపు మాత్రం మోడు కొమ్మలు, వాటికి అక్కడక్కడ ఆకు మొగ్గలు. చెట్టు ఒక్కటే, వేరు ఒక్కటే, నీళ్ళూ అవే. మరి ఈ తేడా ఎక్కడిది?

ఆ తేడా కొలిచి గీసినట్టు ఉంది. రాళ్ళు అడ్డం ఉండి డిసెంబర్‌లో అతని కత్తెర ఎక్కడిదాకా అందిందో, సరిగ్గా అక్కడి దాకా పువ్వు లేదు. అందని చోట పూసింది.

అతనికి అంతా అర్థమైంది. ఎండాకాలంలో పెరిగిన కొమ్మల మీదే ఈ చెట్టు మొగ్గ తొడుగుతుంది. ఆ మొగ్గలతోనే చలికాలం గడుపుతుంది. వాటినే తను ప్రతి డిసెంబర్‌లో బుట్టలకెత్తి మేకలకు వేశాడు. అందరూ మెచ్చుకున్న ఆ తిన్నటి వరుస పూలను నరికి తీసిన వరుస.

మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని భార్య లస్మవ్వకు ఫోన్ చేశాడు. వీడియోలో పొద చూపించి సంగతంతా చెప్పాడు.

"ఇంక ఎవ్వలు చూడలే లస్మీ. ఎల్లుండి జేసీబీ వస్తది, అన్నీ పోతయి. నేను నోరు ఇప్పకుంటే నా పేరుకేం కాదు. చెప్తే మూడేండ్లు చెడగొట్టినోన్ని అయిత. వీసా కూడ ఈ నెలల్నే రినీవల్ చెయ్యాలె."

లస్మవ్వ ఒక్కటే అడిగింది. "పీకేటప్పుడు నువ్వు ఆడనే ఉంటవా?"

"ఉండాలె గద. డ్యూటీ."

"ఆ పూలచెట్టు మీద మిషిని పోతుంటే చూసుకుంట నిలవడ్తవా? నీతోని కాదు. కోడిపిల్ల చస్తేనే రెండ్రోజులు బువ్వ తినవు నువ్వు. పోయి చెప్పు. ఏమయితే అదయితది."

అన్నం అట్లాగే వదిలేసి లేచాడు.

ఉస్తాదాకు మోకాళ్ళ నొప్పులు. అయినా అతని చెయ్యి పట్టుకుని రాళ్ళ కుప్ప ఎక్కింది. ఒక కొమ్మను దగ్గరికి వంచుకుని పూలను వేలితో తడిమింది. తరవాత అటూ ఇటూ చూసింది.

"ఈ వైపే ఎందుకు పూసింది?"

లింబాద్రి తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "నా కత్తెర ఇటు అందలేదు ఉస్తాదా. అందిన కాడికి పూయలే. చెట్ల తప్పేం లేదు. మూడేండ్ల సంది మొగ్గలన్ని నేనే కోసి పారేసిన."

"నువ్వా?"

"నేనే. నాకు ఎరుకలేదు. అజైబల ఏడాదిల ఎప్పుడు కోసినా ఏం కాకపోయేది. ఇది కూడ గట్లనే అనుకున్న."

ఆమె ముఖం ఎర్రబడింది. "మూడేళ్ళు! ప్రతి ఏడూ ఇక్కడ కుర్చీ వేసుకుని ఎదురుచూశాను!" అని గట్టిగా అరిచి, అతని చెయ్యి పట్టుకోకుండానే కుప్ప దిగి లోపలికి వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి ఖమరుద్దీన్ తల కొట్టుకున్నాడు. "అరే లింబాద్రి భాయ్, నిన్నెవరడిగిన్రు? ఊకుంటే అయిపోతుండె గద! నీ పని ఏమైతదో ఇగ నాకు తెల్వది."

ఆ సాయంత్రం లింబాద్రి రూమ్‌లో బట్టలు మడత పెట్టుకుని కూర్చున్నాడు. భయం వేస్తూనే ఉంది, కానీ గుండె మీది రాయి దిగినట్టు కూడా ఉంది.

మర్నాడు పొద్దున ఉస్తాదా తనే తోటలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నర్సరీ వాళ్ళకు ఫోన్ చేశాను. పూలు రాలగానే కత్తిరించాలట. ఎండాకాలం దాటాక కత్తెర తాకించకూడదట. ఈ మాట మొక్కలు కొన్నప్పుడు నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు." మోడు కొమ్మ ఒకటి వేళ్ళ మధ్య తిప్పింది. "డిసెంబర్‌లో కత్తిరించమని నీకు చెప్పింది నేనే. తిన్నగా ఉందని కిటికీలోంచి మురిసిపోయిందీ నేనే. నిన్న నీ ఒక్కడి మీదే అరిచాను. అది న్యాయం కాదు."

లింబాద్రి తల వంచుకున్నాడు.

"జేసీబీ వద్దన్నాను. ఏడాది చూద్దాం. నీ కాగితాలు ఖమరుద్దీన్‌కు ఇవ్వు, రినీవల్‌కు పంపుతాడు."

ఆ ఏడాదంతా పొదల మీద కత్తెర పడలేదు. వేసవిలో కొమ్మలు బారెడు బారెడు సాగి, ఫౌంటెన్ నీళ్ళలా పైకి లేచి కిందికి వంగాయి. దారికి అడ్డం వచ్చి అతిథుల బట్టలకు తగులుకునేవి. చిన్నప్పటి నుంచీ వంకర చూస్తే ఓర్వలేని లింబాద్రికి ఆ చిందరవందర చూస్తుంటే చేతులు దురద పెట్టేవి. అయినా కొయ్యలేదు. పాత గుడ్డ పీలికలతో కొమ్మలను వదులుగా వెనక్కి కట్టాడు.

నవంబర్‌లో పెద్ద చిక్కొచ్చింది. సొంతూళ్ళో అతని కూతురు సంధ్యకు జనవరిలో కాన్పు. అతను వెళ్ళి తీరాలి. తను లేనప్పుడు, కొత్త సంవత్సరం అతిథుల ముందు, ఖమరుద్దీన్ ఎవరి చేతికో కత్తెర ఇస్తే? రోజూ తోటలోకి వచ్చి కాపలా కాయడానికి ఉస్తాదా మోకాళ్ళు సహకరించవు. ఖమరుద్దీన్ వద్దని బతిమాలితే వినే రకం కాదు. లింబాద్రి ఆలోచించి, బయల్దేరే ముందు రోజు అతన్ని గోడ దగ్గరికి పిలిచాడు.

"అన్నా, కండ్లద్దాలు పెట్టుకోని జర ఇటు చూడు. గీ సన్నగ కొమ్మకు అతుక్కున్నది ఆకు మొగ్గ. గిది చూడు, బొద్దుగ, రెండు మూడు గుంపుగ ఉన్నయి. ఇయ్యి పూలు. ఏలు పెట్టి చూడు."

ఖమరుద్దీన్ విసుక్కుంటూనే వేలు పెట్టి చూశాడు. కొమ్మ వెంట వేలు జరుపుకుంటూ పోయాడు. కొస దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"యే సబ్ ఫూల్ హై క్యా?"

"అన్ని పూలే."

"ఈ పన్నెండు పొదలల్ల?"

"ఆఁ. నీ కాళ్ళు మొక్కుత అన్నా, నేను వచ్చేదాక..."

"అరే నక్కో, కాళ్ళు గీళ్ళు వద్దు" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు ఖమరుద్దీన్. ఒప్పుకున్నట్టో కాదో తేలలేదు. లింబాద్రి ఆ గుబులుతోనే విమానం ఎక్కాడు.

జనవరి పదిన సంధ్యకు ఆడపిల్ల పుట్టింది. ఆ మర్నాడే ఖమరుద్దీన్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ముబారక్ భాయ్. మనుమరాలు బాగుందా? గీడ మేకలు గోడ దుంకినయ్. మూడో పొదల ఒక కొమ్మ తిన్నయ్. తరిమిన. ముళ్ళకంప పెట్టించిన. ఫికర్ చెయ్యకు." ఆ తరవాత వారానికొకటి వచ్చేది. చలి ఎంత ఉంది, నీళ్ళ వంతు వచ్చిందా లేదా, మొగ్గలు ఉబ్బాయా లేదా. పార్కింగ్ మాట ఒక్కసారి కూడా లేదు. ఫిబ్రవరి నడుమకు వచ్చేసరికి మెసేజ్‌లు ఆగిపోయాయి. ఫోన్ చేస్తే, "నువ్వే వచ్చి చూడు" అని పెట్టేశాడు.

మార్చి మొదటి వారంలో లింబాద్రి తిరిగి వచ్చాడు. కొండ దారిలో పోలీసు చెక్‌పోస్టు దాటాక వంపులు మొదలయ్యాయి. సైక్ చివరి మలుపు తిరగ్గానే డ్రైవర్ తనంతట తనే బండి నెమ్మది చేశాడు.

బూడిదరంగు కొండకు, బూడిదరంగు గోడకు నడుమ, పన్నెండు పొదలూ ఒక్క ఆకు లేకుండా పూసి ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు. ఖమరుద్దీన్ చేతికర్రతో వాళ్ళ మధ్య తిరుగుతూ, కొమ్మ ముట్టుకోవద్దని అరబ్బీలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి హెచ్చరిస్తున్నాడు.

ఉస్తాదా పూల ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. లింబాద్రిని చూసి లేవబోయింది. అతనే పరుగున వెళ్ళి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె ఫ్లాస్కు లోంచి కహ్వా కాఫీ పోసి ఇచ్చింది.

"మనుమరాలికి ఏం పేరు పెట్టారు?" అని అడిగింది.

"ఇంక పెట్టలే ఉస్తాదా. ఇరవయ్యొకటో రోజు పెడుదమంటే వానికి వీనికి కుదరలే."

పూలు రాలిపోయాక లింబాద్రి ముదురు కాడలను మూడింట ఒకటి చొప్పున మొదట్లోకి కోశాడు. అప్పుడు కనబడ్డాయి, నేలకు వంగిన కొమ్మ కొసలు కొన్ని మట్టిలో దిగి వాటంతట అవే వేళ్ళు పోసుకున్నాయి. లెక్కపెడితే తొమ్మిది మొక్కలు.

ఆ మాట విని ఊరి బడి హెడ్‌మిస్ట్రెస్ బిల్కీస్, ఒకప్పుడు ఉస్తాదా దగ్గరే చదువుకున్న ఆమె, బండి వేసుకుని వచ్చింది. తొమ్మిదింటిలో నాలుగు బడికి కావాలంది. లింబాద్రి వేరు చెదరకుండా మట్టితో సహా తవ్వి గోనెపట్టాలో చుట్టి, తనే వెళ్ళి బడి గోడ వెంట గుంతలు తీశాడు.

"వచ్చే ఏడు పూస్తాయా?" అని అడిగింది బిల్కీస్.

"వచ్చే ఏడు ఒకటో రెండో పూస్తయి కావచ్చు" అన్నాడు లింబాద్రి, మొదటి మొక్క చుట్టూ మట్టి అదుముతూ. "ఆ పై ఏడు మాత్రం మీరే చూస్తరు. జర ఆ చెంబు ఇటియ్యిన్రి మేడమ్."

ఆమె చీలమండల దాకా దిగే నల్ల అబాయా అంచు ఎత్తిపట్టుకుని, నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది.