బల్ల చివర పెట్టిన ఫైలు

జువ్వలదిన్నె హార్బరులో పోలేరమ్మ నోటికి జడవని వ్యాపారి లేడు. వేలంపాటలో తన సరుకుకు ధర తగ్గించినా, మంచి చేపను కోళ్ల మేతకు పోయే కుప్ప వైపు నెట్టినా, మూడోసారి అనేలోపే గంప లాగేసుకుని చక్కా పోయేది. లాగేసుకోవచ్చు, అది రేవులో అందరూ ఒప్పుకున్న పద్ధతి. మూడోసారి అన్నాక మాత్రం ఇక మాట లేదు. అలా లాగేసిన గంపను ముప్పై ఏళ్లలో ఆమె ఒక్కసారైనా వెనక్కి తెచ్చి పెట్టిన పాపాన పోలేదు.

అంతటి మనిషీ ఆ రోజు నెల్లూరులో, యూనివర్సిటీ హాలులో, కూతురు గంగాభవాని పక్కన నోరు మెదపకుండా కూర్చుంది. పిల్లకు చేపల పెంపకం డిగ్రీలో సీటు కావాలి. ఆ సాయంత్రం అయిదింటితో చేర్చుకోవడం ఆఖరు.

భవాని అందరిలా కాలేజీలో ఇంటర్ చదవలేదు. మొదటి ఏడాదిలో ఉండగా పోలేరమ్మ తడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. గంపలు మొయ్యడానికీ, ఎండుచేపలు తిరగెయ్యడానికీ మనిషి లేక పిల్ల కాలేజీ మానేసింది. మానేసి ఊరుకుందా? ఓపెన్ స్కూల్లో చేరింది. ఆదివారాలు కావలిలో క్లాసులు, మిగతా రోజులు చేపల మధ్యే చదువు. చేతులు చేపలు ఏరుతుంటే నోరు పాఠం అప్పజెప్పేది. అది విని విని పోలేరమ్మకే చేప మొప్పల పాఠం కంఠతా వచ్చేసింది. ఏం పిల్లరా దేవుడా అని ఎన్నిసార్లు మురిసిపోయిందో! అయినా లోపల ఒక్కటే దిగులు. తన కాలు మూలంగా బిడ్డకు తక్కువ రకం సర్టిఫికెట్టు వచ్చిందేమోనని.

బల్ల దగ్గర గుమాస్తా నరేంద్రబాబు ఫైళ్లు తీసుకుంటున్నాడు. అన్నీ బోర్డు ఇంటర్ వాళ్లవే, మగపిల్లలవి ఒక దొంతర, ఆడపిల్లలవి ఇంకో దొంతర. భవాని ఫైలు తెరిచి, "ఓపెనా?" అని, దాన్ని బల్ల చివర విడిగా పెట్టాడు.

పోలేరమ్మ కళ్లు ఆ ఫైలు మీదే ఉండిపోయాయి. గంట గడిచింది. రెండు దొంతరలూ కరిగిపోతున్నాయి. లోపలికి పోయిన పిల్లలు నవ్వుకుంటూ బయటికొస్తున్నారు. బల్ల చివరి ఫైలును పలకరించిన నాథుడు లేడు. పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి, "ఓపెన్ వాళ్లకు యాడిస్తారులే సీట్లు" అని ఎవరితోనో ఫోనులో అననే అన్నాడు.

అంతే. భవాని మంచినీళ్లకూ, నరేంద్రబాబు లోపలికీ పోయిన సందు చూసి, పోలేరమ్మ లేచి, ఫైలు తీసి చంకన పెట్టుకుని, బయటికి నడిచింది. రేవులో ముప్పై ఏళ్లుగా చేసిందే ఇక్కడా చేసింది.

గేటు దగ్గర భవాని పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకుంది. "అమ్మా! ఏం చేసినావు?"

"పదమే. నా బిడ్డను కోళ్ల మేతలో ఏసేదానికి వీళ్లెవురు?"

"అయ్యో అమ్మా! అది..."

మాట పూర్తికాలేదు. హాలు గుమ్మంలోంచి బంట్రోతు గంగులయ్య గొంతు ఖంగుమంది. "జువ్వలదిన్నె గంగాభవానీ! ఒకటోసారి!"

పోలేరమ్మ కొయ్యబారిపోయింది. ఒకటోసారి తర్వాత ఏమొస్తుందో, మూడోసారి తర్వాత ఏం పోతుందో ఆమెకు ఇంకొకరు చెప్పాలా?

"రెండోసారి!"

"ఆగయ్యా! ఆగు! వస్తండాం!" రేవంతా వినిపించే ఆ గొంతు యూనివర్సిటీ అంతా వినిపించింది. అతికిన కాలు ఈడ్చుకుంటూ, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, కూతురి కంటే ముందు గుమ్మంలోకి వచ్చి పడింది.

లోపల సీట్లు ఇచ్చే అధికారి ఆనందకుమారి మేడం కళ్లద్దాలు తీసి చూసింది. "బల్ల మీద ఫైలు ఎవరు తీశారు? అలా తీస్తే దరఖాస్తు రద్దవుతుంది, తెలుసా?"

"నేనే మేడం" అంది భవాని, కన్నార్పకుండా.

పోలేరమ్మ ప్రాణం చివుక్కుమంది. జన్మలో తప్పు ఒప్పుకోని మనిషి గబుక్కున ముందుకొచ్చింది. "అబద్ధమమ్మా. బిడ్డకేం తెలవదు. నేనే తీసినాను. పక్కన పడేసినారని కడుపు మండి తీసినాను. ఏం చేసినా నన్ను చెయ్యండి, దాని సీటు తియ్యబాకండి."

మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మూడోసారి పిలిచేలోపే తెచ్చారు గనక ఈసారికి వదిలేస్తున్నాను. పడెయ్యలేదమ్మా. బోర్డు వాళ్లకు వెయ్యి మార్కులకు లెక్క, మీ అమ్మాయికి అయిదు వందలకు. వాళ్లు బోటనీ, జువాలజీ విడిగా రాశారు, తను రెండూ కలిపి బయాలజీ రాసింది. మొత్తాలు పక్కపక్కన పెడితే అన్యాయమవుతుంది. అందుకే వేరే బోర్డుల ఫైళ్లు గుమాస్తా చూడడు, నేనే చూస్తాను. కావలసిన సబ్జెక్టులు తీసి, నూటికి ఎంతో కట్టి, అప్పుడు అందరితో కలుపుతాను."

పోలేరమ్మకు సిగ్గేసింది. వలలో పేరు తెలియని చేప పడితే తను మాత్రం ఏం చేస్తుంది? కుప్పలో కలపదు. విడిగా పెట్టి, మొగుడు మస్తానయ్య వచ్చి చూసి చెప్పేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఇంత తెలిసి, బిడ్డ సీటును తన చేత్తోనే గేటు దాటించబోయిందే!

మేడం పోలేరమ్మ చేతిలోని ఫైలు తెరిపించి, మార్కులు చూసి, కాగితం మీద లెక్క కట్టి, జాబితాతో సరిచూసి, మళ్లీ కట్టింది. "ఫిజిక్సు ఎనభై ఆరు, కెమిస్ట్రీ ఎనభై తొమ్మిది, బయాలజీ తొంభై ఏడు. మూడూ కలిపితే నూటికి తొంభై దాటింది. జాబితాలో నాలుగో పేరు నీదే అమ్మాయ్, సీటు ఖాయం. ఎక్కడ చదివావు ఇదంతా?"

"ఎండుచేపల పందిట్లో మేడం. అమ్మ పక్కన."

ఆనందకుమారి కలం కింద పెట్టింది. తర్వాత లేచి నిలబడి చెయ్యి చాపింది. ఆ చెయ్యి భవానికి ఇచ్చి, తర్వాత పోలేరమ్మకూ ఇచ్చింది. పోలేరమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని అందుకుంది. భోరుమని ఏడ్చేసింది.

"సర్టిఫికెట్లు ఇక్కడే ఉండాలమ్మా, చదువు అయ్యేదాకా. ఫైలు బల్ల మీద పెట్టండి."

పోలేరమ్మ ఫైలు కళ్లకద్దుకుని, బల్ల మీద పెట్టి, అంచులు సరిచేసింది. గంగులయ్య దాన్ని తీసుకుని మూలనున్న బీరువా దగ్గరికి నడిస్తే, కుంటుకుంటూ వెనకే వెళ్లి నిలబడింది.

"అమ్మా, రామ్మా. కావలి బస్సు పోతది" అని గుమ్మంలోంచి భవాని పిలిచింది.

"పోతే ఇంకోటి వస్తది. ఉండవే, తాళం ఎయ్యనీ."