మీ ఇష్టం హోటల్ కోడి

శ్రీరాంపూర్‌ల మొదటి షిఫ్టోళ్లు బొగ్గుబాయికి పోయే యాళ్లకు నవత రోజూ గంప లేపి చూసేది. నిన్న కోసిన కోడి మళ్ల దాని కింద తయారుగ ఉండేది. నవత నడిపే 'మీ ఇష్టం' హోటల్‌కు ఉన్నయి నాలుగు టేబుళ్లు, ఒక్క కోడి. దినాం కోసుడు, దినాం వచ్చుడు. కాకుంటే నిన్న ఎట్ల వండిర్రో ఆ గుర్తు దాని ఒంటి మీద ఉండేది. పుదీన దండిగ వేయమంటే తెల్లారి ఈకలు పచ్చగ. కారం దంచమంటే తెల్లారి ఎవరు దగ్గరికొచ్చినా పొడుచుడే.

"ఇయ్యాల కోడి పచ్చగున్నది, పిలగాండ్లు నిన్న మంచిగనే తిన్నట్టున్నరు" అనుకుంట పోయేటోళ్లు కాలనీవాళ్లు.

తినొచ్చే కాలేజీ పిలగాండ్లకు మెనూ ఫోన్లనే. కారమెంత, ఉల్లిగడ్డ కావాల్నా, బగారన్నమా రొట్టెనా, అన్నీ వాళ్లే నొక్కుకోవాలె. "పెండ్లికొడుకు తల్లి కూడ గిన్ని వంకలు పెట్టది" అనేది నవత అవ్వ సరోజన. అందర్ల ఇంజినీరింగ్ చదివే స్నిగ్ధ మరీను.

"అక్కా, బోన్‌లెస్ పెట్టరాదు? బొక్క కొరుక్కుంట ఫొటో దిగితే కుక్కలెక్క కనవడుతున్న."

"ఫొటోది తప్పేం లేదులే" అన్నది నవత. నవ్వుకుంటనే మెనూల బోన్‌లెస్ చేర్చింది. ఇగ అప్పటికెల్లి అందరిదీ అదే పాట.

మిగిలిన బొక్కలను సరోజన పారేయలే. లోపలి అర్రల ఆమె పెనిమిటి ఎల్లేశం మంచం పట్టి ఉన్నడు. లక్సెట్టిపేట తొవ్వల బండి మీదికెల్లి పడి నడుం విరగ్గొట్టుకున్నడు. ఇగ లేవడని కరీంనగర్ డాక్టర్ చెప్పేసిండు. సరోజన ఆ బొక్కలకు మిరియాలేసి మరిగించి, గ్లాసుల పోసి తాపేది.

"దీంతోని లేస్తనానే?"

"లేవకుంటే మానె, తాగినంత సేపన్న నోరు మూతవడుతది" అని ముఖం అటు తిప్పుకునేది.

కొన్నాళ్లకు కోడి నడక తప్పింది. రెక్క జారవడ్డది.

"అవ్వా, దీని కాళ్లు మెత్తవడుతున్నయే. బోన్‌లెస్ తీసేద్దునా?"

సరోజన కోడి దిక్కు చూడలే. "నిన్న మీ బాపు కాలివేలు కదిలింది బిడ్డా" అన్నది.

నవత మళ్ల ఆ ముచ్చట ఎత్తలే. మెనూను ముట్టలే.

ఒకనాడు గంప లేపితే కోడి తడితువ్వాల లెక్క నేలకు పరుచుకొని ఉన్నది. ఒంట్ల ఒక్క బొక్క లేదు. కండ్లు మాత్రం తిరుగుతున్నయి. నవత కెవ్వుమన్నది.

"ఏందే ఆ లొల్లి?" అనుకుంట ఎల్లేశం వచ్చి గడపల నిలవడ్డడు.

ముందుగ సరోజన ఆయన కాళ్లు చూసి, కొంగు నోట్లె కుక్కుకున్నది. ఎల్లేశం కోడిని చూసిండు. తన మోకాళ్లు తడుముకున్నడు.

"దీనియి దీనికి ఇచ్చెయ్యరాదా?"

"ఇచ్చి మళ్ల మంచాన పడ్తవా?" సరోజన అడ్డమొచ్చింది.

ఆయన కోడిని రెండు చేతుల్ల ఎత్తుకపోయి, తన మంచంల, తన నడుం ఒత్తుకున్న గుంతల పండవెట్టిండు.

ఆ మాపు మెనూల చికెన్ లేదు.

"అక్కా, కోడేది?" స్నిగ్ధ అడిగింది.

"పండుకున్నది."

"ఎప్పుడు లేస్తదట మహారాణి?"

నవతకు నవ్వు రాలే. టమాటకూర ప్లేటు పట్టుకొని ఎల్లేశమే టేబుల్ కాడికి నడిచిండు. అడుగేసినప్పుడల్లా ఆయన మోకాళ్లల్లకెల్లి మెల్లగ కొక్, కొక్ మని చప్పుడు. లోపలి అర్రల మంచం మీద, ఆ చప్పుడు ఎటు పోతే అటు కోడి కండ్లు తిరుగుతున్నయి.