మిషనక్క కొట్టు దాకా

అమ్మ నాన్న కుడికాలి వేళ్ల మధ్య తడి తుడుస్తోంది. ఒక్కో వేలినీ విడదీసి, మెత్తటి పాత గుడ్డ కొసను సందులోకి దూర్చి అద్ది తీస్తుంది. రుద్దకూడదని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. ఆ తర్వాత పాదాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి, ఎక్కడైనా కొత్తగా గీరుకుందా, ఎర్రబడిందా అని అరికాలు చూస్తుంది. ఇంటికి వచ్చినప్పటి నుంచి పొద్దున్నే ఇదే మొదటి పని. అంతసేపూ నాన్న గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఒకరి చేత కాళ్లు కడిగించుకోవడం ఆయనకి సిగ్గు. అమ్మ కూడా తల ఎత్తదు. ఆమె సిగ్గు వేరు.

"పుండు మానిందండీ," అంది అమ్మ, బొటనవేలి పక్కన మచ్చ చూసి.

"ఊఁ."

"ఇవాళైనా బయటికి వెళ్లి నడవండి. రోజూ నడవమని కదా డాక్టరు చెప్పింది."

"వరండాలో నడుస్తున్నాగా."

"అదేం నడక? గానుగెద్దులా ఆ మూల నుంచి ఈ మూలకి."

"గానుగెద్దే నయం. దాని కళ్లకి గంతలుంటాయి. వీధిలో నాకు అవి కూడా లేవు."

అమ్మ నీళ్ల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నాన్న ప్రెస్సులో బైండరు. అచ్చైన కాగితాలు మడిచి, కుట్టి, జిగురు రాసి, అట్టలు వేస్తాడు. మా ఇంటి నుంచి ప్రెస్సుకి ఒకటే పెద్ద వీధి. ఆ వీధి మధ్యలో మిషనక్క కొట్టు ఉంది. ఆమె అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. చిన్న గది, ముందు గాజు తలుపు, గాజు వెనక కుట్టి తగిలించిన బట్టలు, వాటి వెనక మిషను, మిషను వెనక ఆమె. ఒంటరి మనిషి. కత్తెర కన్నా నోరు పదునని పేరు. కుట్టు మాత్రం అంత బాగా కుట్టేవాళ్లు మా చుట్టుపక్కల లేరు.

నాన్న ఆ కొట్టు ముందు ఆగడం ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తులేదు. ప్రెస్సుకి వెళ్తూ వెళ్తూ అక్కడ నిలబడేవాడు. తగిలించిన గౌన్లు చూస్తున్నట్టు గాజు వైపు తిరిగి, ఒక చెయ్యి గోడకి ఆనించి, కాసేపు ఉండి కదిలేవాడు. రోజూ అంతే. మొదట ఎవరో నవ్వారు. తర్వాత మిషనక్క కొట్టు బయట ఒక స్టూలు వేసింది. నాన్న దాని మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇక వీధి ఊరుకుంటుందా? టీ కొట్టు వాళ్లు ఆయనకి 'షోకేసు' అని పేరు పెట్టారు.

ఆ పేరు మా ఇంటికి మోసుకొచ్చింది పక్కింటి పిన్ని.

"అక్కా, నాకెందుకు గానీ, బావగారు కొత్త బట్టలేమైనా కుట్టించుకుంటున్నారా?"

"లేదే. ఎందుకూ?"

"ఏం లేదు. రోజూ కొలతలు ఇచ్చి వస్తున్నారని అందరూ అనుకుంటున్నారు."

ఆ రోజు అన్నం పెడుతూ అమ్మ అడిగేసింది. "ఆ కొట్టు ముందు ఎందుకు ఆగుతారు?"

"కాలు లాగుతుంది."

"ఇంత వీధిలో ఇంకెక్కడా లాగని కాలు సరిగ్గా అక్కడే లాగుతుందా?"

నిజానికి అది ఆయనకే అర్థం కాని సంగతి. నొప్పని గట్టిగా చెబితే, ప్రెస్సులో నిలబడి చేసే పని నుంచి ఎక్కడ తీసేస్తారోనని భయం కూడా. తల వంచుకుని తిన్నాడు. తప్పు చేసినవాడు కూడా అలాగే తల వంచుకుని తింటాడు.

ఆ తర్వాత జరిగింది మా వీధిలో అందరికీ తెలుసు. కొట్లన్నీ తెరిచి, జనం పనులకి వెళ్లే వేళకి అమ్మ అక్కడికి వెళ్లింది. నేను కూరల సంచీతో వెనకే ఉన్నాను. అమ్మ ఆ స్టూలు ఎత్తి కాలవలో పడేసింది.

"మగాళ్లకి స్టూళ్లు వేసి కూర్చోబెట్టే కొట్టు ఏం కొట్టో మాకు తెలియదనుకున్నావా? సిగ్గుండాలి!"

మిషనక్క చేతిలో కత్తెరతో గుమ్మంలోకి వచ్చింది. అంత నోరున్న మనిషి ఒక్క మాటే అంది. "ఆయనకి కాలు నొప్పమ్మా. కూర్చుంటాడని వేశాను."

"నా మొగుడి కాలు సంగతి నీకెందుకే?"

టీ కొట్టు దగ్గర ఎవరో ఈల వేశారు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. మిషనక్క లోపలికి వెళ్లి గాజు తలుపుకి లోపలి నుంచి గుడ్డ కట్టేసింది.

మర్నాటి నుంచి నాన్న దారి మార్చాడు. గోదాముల వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. అది దూరం, పైగా గతుకుల దారి, కూర్చోవడానికి చోటు లేదు. అమ్మ అది చూసి, తన మాట నెగ్గిందనుకుంది. ఒక రోజు ఆ సందులో కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే రాయి తగిలి బొటనవేలు చిట్లింది. చిన్న దెబ్బ. పసుపు రంగు మందు రాశాం, కట్టు కట్టాం. మానలేదు. చుట్టూ నల్లబడింది. చివరికి మా వీధి డాక్టరు పాదం పట్టుకుని చూసి, ఇది నా చేతిలో లేదు, ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అన్నాడు.

అక్కడ రక్తనాళాల డాక్టరు కుర్రవాడు. చేతికి కట్టే బీపీ పట్టీని నాన్న చీలమండ పైన కట్టాడు. చేతిలో ఎంత ఉంది, కాలిలో ఎంత ఉంది అని పోల్చి చూశాడు. పాదం మీద వేళ్లు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికాడు.

"ఈ కాలి మీద వెంట్రుకలు ఎప్పుడు రాలిపోయాయి?"

నాన్నకి తెలియదు. అమ్మకి తెలుసు. కొంగు సర్దుకుంది.

"కాలు చల్లగా ఉండేదా అమ్మా?"

అమ్మ తల ఊపింది. 'మంచుగడ్డల్లా ఉన్నాయి, అటు జరగండి' అని ఆమె విసుక్కోవడం నేను ఎన్నోసార్లు విన్నదే.

"పెద్దాయనా, ఎంత దూరం నడిస్తే నొప్పి వస్తుంది?"

"కొంచెం దూరమేనండీ."

"కొంచెం అంటే? ఇంటి దగ్గర బయల్దేరారనుకోండి. ఎక్కడ ఆగిపోతారు?"

నాన్న అమ్మ వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"గుర్తు చెప్పండి చాలు. స్తంభమో, మలుపో, ఏదైనా కొట్టో."

"మిషనక్క కొట్టు," అన్నాడు నాన్న, నేల చూస్తూ.

"రోజూ అక్కడేనా?"

"అక్కడేనండీ. పిక్క పట్టేస్తుంది. ముందుకి ఒక్క అడుగు పడదు. కాసేపు నిలబడితే మళ్లీ వదులుతుంది."

"వచ్చేటప్పుడో?"

"వచ్చేటప్పుడు ఇనుప సామాన్ల కొట్టు దగ్గర."

డాక్టరు తల ఊపి, అమ్మకి కూడా అర్థం కావాలని కాబోలు, ఆమె వైపు తిరిగాడు. "ఈ జబ్బు అంతేనమ్మా. కాలికి వెళ్లే రక్తం కొంత దూరానికే సరిపోతుంది. అది అయిపోయిన చోట మనిషి ఆగాల్సిందే. నొప్పని చెప్పుకోవడం నామోషీ. అందుకని కొట్లో సరుకులు చూస్తున్నట్టు నిలబడతారు. కొట్ల ముందు నిలబడే జబ్బని మేం కూడా అంటుంటాం."

ఇనుప సామాన్ల కొట్టులో కూర్చునేది చెవిటి ముసలాయన. నాన్న ఆ కొట్టు ముందు నిలబడటం కూడా వీధంతా చూసే ఉంటుంది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

"మరి ఈ దెబ్బ ఎక్కడ తగిలింది?"

"గోదాముల వెనక."

"ఇంత నొప్పితో ఆ సందులోకి ఎందుకెళ్లారు?"

అమ్మ కుర్చీలోంచి లేచి, మంచినీళ్లు తెస్తానని బయటికి వెళ్లింది. సీసా నా సంచీలోనే ఉంది.

రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసిన బొమ్మను డాక్టరు తెర మీద చూపించాడు. పొట్ట కింద రెండుగా చీలే పెద్ద నాళంలో ఎడమవైపు బాగానే పారుతోంది. కుడివైపు సన్నబడి, దారంలా మారి, ఆగిపోయింది. గజ్జ దగ్గర చిన్న రంధ్రం చేసి సన్నని తీగ పంపిస్తామని, పూడుకున్న చోట బెలూను ఊది దారి చేస్తామని, అది మళ్లీ మూసుకోకుండా లోపల స్టెంటు విప్పుతామని చెప్పాడు. నాళం గోడ పెళుసుగా ఉంది కాబట్టి ఉత్త జాలీ గొట్టం కాకుండా, గుడ్డలాంటి పొర తొడిగింది వేస్తామన్నాడు.

"అంటే లోపల కూడా దర్జీ పనేనన్నమాట," అన్నాడు నాన్న.

నర్సు పకపకా నవ్వింది. నాన్న కూడా నవ్వబోయి, అమ్మని చూసి ఆపుకున్నాడు. అమ్మ సంచీ పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఆ పని జరుగుతున్నంతసేపూ నాన్నకి మెలకువగానే ఉందట. తర్వాత కదలకుండా, కాలు చాపి పడుకుని నాతో గుసగుసగా చెప్పాడు. "మందు ఎక్కించగానే కింద వెచ్చగా అయిపోయిందమ్మా. పక్క తడిపేశానేమో అని ప్రాణం పోయిందనుకో. అంతమంది ఆడపిల్లల ముందు! అందరికీ అలాగే అనిపిస్తుందని అప్పుడు చెప్పారు. ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?"

నర్సు వచ్చి పాదం మీద వేలితో వెతికి, నాడి దొరికిన చోట పెన్నుతో గుర్తు పెట్టింది. మళ్లీ మళ్లీ వచ్చి చూడటానికి అట. "మీరూ చూడండమ్మా," అని అమ్మ వేలు తీసుకుని ఆ గుర్తు మీద పెట్టింది.

"కొట్టుకుంటోంది," అంది అమ్మ. పాదం మొత్తాన్ని అరచేత్తో పట్టుకుంది. "వెచ్చగా ఉంది." నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చుట్టూ కాగితాలు పెట్టుకుని జాగ్రత్తలన్నీ అప్పజెప్పాడు. సిగరెట్టు ముట్టుకుంటే గొట్టం పూడుకుంటుంది. నడవకపోయినా మంచిది కాదు. ఈ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు, రక్తం గడ్డకట్టకుండా పలచగా ఉంచుతాయి.

"వీధిలో ఎప్పుడో పలచనైపోయాను బాబూ," అన్నాడు నాన్న. "ఇక రక్తమే మిగిలింది. అదీ కానివ్వండి."

డాక్టరు అదేదో మామూలు హాస్యమనుకుని నవ్వాడు.

అలా ఇంటికి వచ్చాం. నాన్నకి ఇప్పుడు నొప్పి లేదు. ప్రెస్సు దాకా ఆగకుండా వెళ్లగలడు. కానీ గుమ్మం దిగడు. ఆ కొట్టు దాటి వెళ్లాలంటే ఆయన కాళ్లు మళ్లీ పట్టేస్తాయి. ప్రెస్సు నుంచి కబురు వస్తే ఇంకా నీరసంగా ఉందని చెప్పమన్నాడు. నడవకపోతే ఏమవుతుందో అమ్మకి తెలుసు. ఆయన ఎందుకు నడవడం లేదో కూడా తెలుసు.

అంతలో పిన్ని మరో కబురు తెచ్చింది. మిషనక్క కొట్టు ఖాళీ చేస్తోందట. "మరి ఎవరిస్తారు అక్కా బట్టలు? నువ్వు అన్నేసి మాటలన్నాక మొగుళ్లున్న వాళ్లెవరూ అటు తొంగిచూడటం లేదు. అసలు నువ్వు భలే గడ్డి పెట్టావులే!"

మెచ్చుకుంటున్నాననే పిన్ని ఉద్దేశం. అమ్మ మొహం కమిలిపోయింది.

ఆ రోజంతా అమ్మ ఏ పనీ తిన్నగా చెయ్యలేదు. మర్నాడు పొద్దున నాన్న కాళ్లు తుడిచాక, పెట్టె అడుగు నుంచి కొత్త జాకెట్టు గుడ్డ తీసింది. దాంతో పాటు కొలతకి తన పాత జాకెట్టు ఒకటి పెట్టి నా చేతికిచ్చింది.

"మిషనక్కకి ఇచ్చి రా. బాగా కుట్టమన్నానని చెప్పు."

"ఇంకేమైనా చెప్పనా?"

"ఏం చెబుతావ్? ఏ మొహం పెట్టుకుని చెబుతాం?" గొంతు తగ్గించింది. "తీసుకుంటే చాలు. ఆమెకే తెలుస్తుంది."

నేను వెళ్లాను. గాజుకి కట్టిన గుడ్డ అలాగే ఉంది. లోపల దారపు కండెలు అట్టపెట్టెలో సర్దుతోంది మిషనక్క. గుడ్డ చేతిలోకి తీసుకుని, నేత పట్టి చూసింది. పాత జాకెట్టు మడత విప్పింది.

"మీ నాన్న ఎలా ఉన్నాడు?"

"స్టెంటు వేశారు. నొప్పి లేదు."

"పోన్లే." జాకెట్టు మడిచి, గుడ్డ పైన పెట్టి, రెండూ నా చేతిలో పెట్టింది. "పాత కొలత మీద నేను కుట్టనని మీ అమ్మకి చెప్పు. మనిషిని చూడకుండా ఆమె అన్నీ కొలిచెయ్యగలదేమో. నాకు చేతకాదు. కుట్టించుకోవాలంటే మనిషి రావాలి."

ఆ మాట ఉన్నదున్నట్టు అమ్మకి చెప్పాను. మార్చి చెబుదామని దారంతా అనుకున్నాను, మార్చడం రాలేదు. అప్పుడే వచ్చిన పిన్ని కూడా గుమ్మంలో నిలబడి వింది.

"చూశావా దాని పొగరు!" అంది పిన్ని.

"పొగరు కాదు," అన్నాడు నాన్న వరండాలోంచి. "దాన్ని పొగరంటారా?" నడుస్తూనే, "నేను వెళ్లి ఒక మాట చెప్పొస్తాలే," అన్నాడు.

"మీరెళ్తే అది ఇంకో కథ అవుతుంది," అంది అమ్మ.

"పోనీ, అంతగా మనసు పీకుతుంటే చీకటి పడ్డాక వెళ్లు అక్కా," అంది పిన్ని. "వెనక సందులోంచి వెళ్తే ఎవరూ చూడరు. రెండు మాటలు చెప్పేసి వచ్చెయ్. నీ పరువూ నిలుస్తుంది."

అమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది. తర్వాత పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కుంది. జుట్టు దువ్వుకుంది. నా చేతిలో గుడ్డ వైపు ఒకసారి చూసింది గానీ తీసుకోలేదు. బయట కొట్ల షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. పనులకి వెళ్లేవాళ్లతో వీధి నిండిపోతోంది. టీ కొట్టు దగ్గర అప్పుడే నలుగురు చేరారు.

"ఇప్పుడా అక్కా? ఇంతమంది ఉండగానా?" అంది పిన్ని.

అమ్మ చెప్పులు వేసుకుంది. పిన్ని పక్కకి జరిగింది. నాన్న నడక ఆపి వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఆయన్ని దాటి, గుమ్మం దిగి, పెద్ద వీధి వైపే నడిచింది.