ఎవరూ ఆగి వినని పాటలు

"నువ్వెలాగూ ఖాళీయే కదా, ఆ పాటల సంగతేదో నువ్వే చూడు," అన్నాడు భర్త. అప్పుడామె ఒక చేత్తో పాలు పొంగకుండా కలుపుతూ, రెండో చేత్తో అత్తగారి మందుల డబ్బా వెతుకుతూ, భుజంతో ఫోన్ చెవికి అదిమిపెట్టి గ్యాస్ ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతోంది. ఖాళీ అంటే అదీ! మూడో చెయ్యి లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే దానికీ ఏదో ఒకటి అప్పజెప్పేవాడే.

ఆయన ఉద్యోగం మానేసి కాఫీ షాపు పెడుతున్నాడు. ఏ పెద్ద కంపెనీ పేరూ తగిలించుకోకుండా, సొంతంగా, ఆరంటే ఆరు టేబుళ్ళతో. గింజలు, గోడల రంగు, కప్పుల సైజు అన్నీ ఆయనే ఎంచుకున్నాడు. ఒకళ్ళు చెబితే వినే రకం కాదు, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులెత్తేశాడు. ఆయనకి పాటకీ ప్రెషర్ కుక్కర్ కూతకీ పెద్ద తేడా తెలియదు. పెళ్ళికి ముందు ఆమె మూడేళ్ళు బడిలో పిల్లలకి సంగీతం చెప్పిందన్న సంగతి, ఇరవై మూడేళ్ళ తరవాత ఇప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి.

"ఒక్కటే రూలు. పాట వినపడాలి గానీ ఎవరూ ఆగి వినకూడదు. వచ్చామా, తాగామా, నాలుగు కబుర్లు చెప్పుకున్నామా, లేచామా. అంతే. పాట వింటూ కూర్చుండిపోతే టేబుల్ ఎప్పుడు ఖాళీ అవుతుంది?"

ఆమె సరేనంది. పైకి మామూలుగానే అంది గానీ, లోపల ఎంత సంబరమో. పాటలు వినడం ఇప్పుడు పని! పని చేస్తుంటే ఎవరూ ఏమీ అనరు కదా. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు కూరలు తరుగుతూ కూనిరాగం తీస్తుంటే, "ఇది ఇల్లా, రేడియో స్టేషనా తల్లీ?" అన్నారు అత్తగారు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నారు. అదే వచ్చిన చిక్కు. తిడితే ఎదురు చెప్పొచ్చు, నవ్వితే ఏం చెబుతారు? ఆ తరవాత మిక్సీ తిరుగుతున్నప్పుడు మాత్రమే పాడుకునేది. మిక్సీ ఆగితే పాటా ఆగేది. కొన్నేళ్ళకి మిక్సీ ఒక్కటే మిగిలింది.

ఇంట్లో వింటే ఒక చెవితోనే వినాలి. రెండో చెవి "టవల్!", "అమ్మాయ్, నా కళ్ళద్దాలు!" అనే కేకల కోసం ఖాళీగా ఉంచాలి. అందుకని అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే గంటలో షాపుకి వెళ్ళేది. రంగు వాసన ఇంకా పోని ఆ గదిలో ఒక్కో కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఒక కప్పు కాఫీ పెట్టుకుని, ఫోన్లో ఒక్కో పాటా పెట్టుకునేది. పొద్దున వచ్చేవాళ్ళకి నోరు పెగలదు కాబట్టి మాటల్లేని పాటలు. పదకొండింటికి స్నేహితులు వస్తారు, కాస్త హుషారుగా ఉండాలి. నాలుగింటికి ఒంటరిగా వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళకి పక్కన మరో మనిషి ఉన్నట్టుండాలి, ఆ మనిషి ఏమీ అడగకూడదు.

పరీక్ష కూడా ఆమే కనిపెట్టింది. పాట నడుస్తుండగా కప్పు ఖాళీ అయితే ఆ పాట జాబితాలో ఉంటుంది. వింటూ వింటూ కాఫీ చల్లారబెట్టుకుందంటే, ఆ పాట ఆగి వినేదని అర్థం, కొట్టేయాలి. దాంతో ఏం జరిగిందంటే, తనకి ప్రాణమైన పాటలన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఒకరోజు పెట్టిన పాటలో ఎవరో ముసలావిడ, గొంతు బొంగురుపోయింది, అయినా పాడుతూనే ఉంది. విని విని తేరుకునేసరికి కాఫీ మీద మీగడ కట్టింది. ఆ ఖాళీ షాపులో ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఏం పోగొట్టుకుందో తెలియకపోయినా బాగుండేది, తెలిసొచ్చింది. కళ్ళు తుడుచుకుని, చల్లారిన కాఫీ గటగటా తాగి, ఆ పాట కూడా తన చేత్తోనే కొట్టేసింది.

"కొన్నాళ్ళు కప్పులు నువ్వే కడుగుదూ, కాస్త నిలదొక్కుకున్నాక మనిషిని పెట్టుకుందాం," అన్నాడు భర్త, జాబితా తయారయ్యాక. ఆడపడుచు వచ్చి తల్లిని చూసుకుంటానంది కాబట్టి ఆ అడ్డూ లేదు. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఉత్తపుణ్యానికి చాకిరీ అని తెలియక కాదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా తను ఏరిన పాటలు మోగుతాయి. చేతులు నీళ్ళల్లో ఉంటే ఉండనీ, చెవులు రెండూ తనవే కదా. ఆ ఒక్క ఆశతోనే ఒప్పుకుంది.

తెల్లారితే షాపు తెరుస్తారనగా స్పీకర్లు బిగించే ఆయన వచ్చాడు. నాలుగు మూలలా నాలుగు పెట్టాడు. వెనక, కిటికీ లేని ఇరుకు గదిలో, ఆమె కొత్త కప్పుల అడుగున అంటించిన కాగితాలు గోకి కడుగుతోంది. ఆయన లోపలికి తొంగిచూసి, "సార్, వైరు మిగిలింది, నా దగ్గర పాత స్పీకరొకటి ఊరికే పడుంది. ఈ గదిలో పెట్టేయమంటారా?" అని అడిగాడు.

"అక్కడెందుకండీ, దండగ," అన్నాడు భర్త కౌంటర్ దగ్గర్నుంచి. "అక్కడెవరుంటారు?"

బిగించే ఆయన ఆమె వంక చూశాడు. చూసి, తల దించుకుని వైరు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. పరాయి మనిషి సిగ్గుపడ్డాడు, భర్త పడలేదు. కోపంతో అన్నా కొంత నయంగా ఉండేది. అందులో కోపమూ లేదు, వెటకారమూ లేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. ఆమె కుళాయి కట్టేసింది.

"అమ్మా, ఒక పాట పెట్టండి, నాలుగూ మోగుతున్నాయో లేదో చూద్దాం," అన్నాడు బిగించే ఆయన. ఆమె చేతులు తుడుచుకుని బయటికొచ్చి, జాబితాలో మొట్టమొదటి పాట పెట్టింది. మాటల్లేనిది, మామూలుది, ఎవరూ పట్టించుకోరని ఏరి ఏరి పెట్టింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. నాలుగు మూలల నుంచీ వస్తుంటే, ఆ మామూలు పాటలో కూడా ఎవరో ఎంతో కష్టపడి, ఎంతో ఇష్టపడి వాయించిన సంగతి తెలుస్తోంది.

"ఏమోయ్, కూర్చున్నావేంటి? ఆ కప్పులు తేల్చు ముందు," అన్నాడు భర్త.

కాళ్ళు వాటంతటవే లేచాయి. సగం లేచాక తెలుసుకుంది. మళ్ళీ కూర్చోవడం ఎంత కష్టమైందో! కూర్చుంది.

"రేపట్నుంచి కప్పులు కడగడానికి నేను రానండీ."

"అదేంటి? మరెవరు కడుగుతారు?"

చొక్కా ఏది, తాళాలేవి, అమ్మకి మందు వేశావా, గ్యాస్ వాడొచ్చాడా. ఇరవై మూడేళ్ళుగా ఆయన ప్రశ్న పూర్తికాకముందే ఆమె జవాబు చెబుతూ వచ్చింది. ఇప్పుడు కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు.

"కాస్త ఉండండి," అంది. "పాట అయిపోనివ్వండి."