వద్దన్న నంబరు

గున్నేశ్వరరావు ఇంటికి ఇంటర్నెట్ ఫోను జూన్ పదకొండున వచ్చింది. ల్యాండ్‌లైను అదే రోజు మధ్యాహ్నం తీసేశారు. అది 1996 నుంచి ఆ ఇంట్లో ఉంది.

ఊరు మొగల్తూరుకి ఆరు కిలోమీటర్లు. 1996లో ఊరి మొత్తానికి ఫోన్లు మూడు. ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి రైసుమిల్లులో, మూడోది గున్నేశ్వరరావు వసారాలో. ఆ వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళు శుభలేఖల మీద, స్కూలు ఫారాల మీద ఆ నంబరే ఇచ్చేవాళ్ళు. పక్కన పి.పి. అని రాసేవాళ్ళు. ఫోను తమది కాదని, చేస్తే ఆ ఇంటివాళ్ళు పిలిచి ఇస్తారని దానర్థం. మోగినప్పుడల్లా గున్నేశ్వరరావు గానీ ఆయన భార్య అమ్మణ్ణి గానీ వెళ్ళి ఆ ఇంటివాళ్ళని పిలుచుకొచ్చేవాళ్ళు.

ఆ పదకొండు ఇళ్ళల్లో పాపాయిది ఒకటి. భర్త పోయాక, 2004లో, ఆమె ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. కూతురు హేమశ్రీకి అప్పుడు మూడేళ్ళు. పాపాయికి చదువు రాదు. బయల్దేరే ముందు రోజు ఆ వసారాలో కూర్చుని, అమ్మణ్ణి చెబుతుంటే వెనకాలే అంటూ, ఇండియా కోడుతో సహా నంబరు కంఠస్థం చేసింది. ఆరేళ్ళు ప్రతి శుక్రవారం ఆ నంబరుకి చేసింది. తర్వాత అందరికీ సెల్లులొచ్చాయి. పాపాయి రెండుసార్లు ఊరొచ్చి మళ్ళీ వెళ్ళింది, సెల్లుతోనే. వసారాలో ఫోను కోసం ఎవరూ రావడం లేదు. అది మోగితే ప్లాట్లు అమ్మేవాళ్ళు, ఇన్సూరెన్సువాళ్ళు, లేదా ఎప్పుడో ఏదో ఫారంలో ఆ నంబరు రాసిన వీధివాళ్ళ కోసం ఎవరో.

ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి నరసాపురం టెలిఫోను ఆఫీసు నుంచి జీవరాజు వచ్చాడు. పాత నంబరు ఉంచాలా, కొత్తది ఇవ్వాలా అని అడిగాడు. గున్నేశ్వరరావు కొత్తది ఇమ్మన్నాడు. జీవరాజు ఫారంలో 'పాత నంబరు అవసరం లేదు' అన్నచోట టిక్కు పెట్టి, కింద సంతకం తీసుకున్నాడు.

సెప్టెంబరు తొమ్మిదిన మండపేట నుంచి దుర్గాసాయి అనే డ్రైవరు మోటారుసైకిలు మీద ఊళ్ళోకి వచ్చి హేమశ్రీ ఇల్లెక్కడని అడిగాడు. హేమశ్రీ మొగల్తూరులో రొయ్యల మేత అమ్మే కొట్లో కంప్యూటర్ పని చేస్తుంది. అప్పుడే ఇంటికొచ్చింది. తల్లి నుంచి ఫోను రాక నెల దాటింది, తను చేస్తే స్విచాఫ్ అని వస్తోంది. దుర్గాసాయి కువైట్‌లో పాపాయి ఉండే ఇంటి పక్కింట్లో కారు నడిపాడు. ఉద్యోగం మానేసి వచ్చేశాడు.

"మీ అమ్మగారి సెల్లు ఆ ఇంటి మేడమ్ లాగేసుకుందండి. పాస్‌పోర్టు ఎలాగూ వాళ్ళ దగ్గరే. రెండేళ్ళ అగ్రిమెంటు అయిపోయినా పంపట్లేదు. శుక్రవారం నమాజు టైములో వాళ్ళందరూ బయటికెళ్తారు కదండీ, అప్పుడు కిందకొచ్చి వాచ్‌మన్‌ని బతిమాలి ఫోను తీసుకుంటది. పది నిమిషాలు. ఆవిడకి నోటికొచ్చింది ఒక్క నంబరేనండి. నెల్లాళ్ళ నుంచి దానికే చేస్తంది. ఆ నంబరు లేదని వస్తందంట."

"నా నంబరుకి చెయ్యొచ్చు కదండీ."

"మీది సెల్లులో ఉండిపోయింది కదండీ. సెల్లు పోయాక ఇంకేముంది? మీ పేరూ ఊరూ చెప్పి, ఆ నంబరు మళ్ళీ పెట్టించమని చెప్పమంది. శుక్రవారం శుక్రవారం చేస్తూనే ఉంటానంది."

"వాచ్‌మన్ నంబరు మీ దగ్గరుందా?"

"పాతాడిది ఉందండి. ఆడు మారిపోయాడు. కొత్తాడెవడో నాకు తెలీదు." దుర్గాసాయి నీళ్ళు తాగి లేచాడు. "పారిపొమ్మని నేనే చెబుదునండి. పాస్‌పోర్టు లేకుండా రోడ్డెక్కితే జైల్లో పెడతారని ఆవిడ భయం. నాకూ సరిగా తెలీదు."

మర్నాడు హేమశ్రీ భీమవరం వెళ్ళి కలెక్టరేటులో కనుక్కుంది. పాస్‌పోర్టు లేకపోయినా ఫరవాలేదన్నారు. ఆమె తనంతట తను ఇండియన్ ఎంబసీకి వెళ్ళాలి. వెళ్తే జైలు ఉండదు, ఉండడానికి చోటిచ్చి, కాగితాలు తయారు చేసి పంపిస్తారు. కానీ ఇంట్లోంచి తీసుకురావడానికి ఎవరూ వెళ్ళరు. ఆ మాట పాపాయికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పడానికి దారి శుక్రవారం పది నిమిషాలు, ఆ ఒక్క నంబరు.

ఆ సాయంత్రం హేమశ్రీ వసారాలోకి వచ్చి జరిగిందంతా చెప్పింది.

"మావయ్యగారూ, మన పాత నంబరు ఏమైందండి?"

"ఫైబరుకి పాత నంబరు రాదంటమ్మా," అన్నాడు గున్నేశ్వరరావు. "వాళ్ళే మార్చేశారు. ఏం చేస్తాం."

అమ్మణ్ణి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తి భర్త వైపు చూసింది. మళ్ళీ తుంచడం మొదలుపెట్టింది.

మర్నాడు సాయంత్రం హేమశ్రీ మళ్ళీ వచ్చింది.

"నరసాపురం ఆఫీసుకి వెళ్ళొచ్చానండి. ఆర్నెల్ల దాకా ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరంట. ఓనరు ఆధార్ తీసుకుని వచ్చి సంతకం పెడితే రెండు రోజుల్లో మళ్ళీ మన ఫోనుకే ఇస్తారంట. రేపు వస్తారా అండి?"

"రేపు చెరువు పట్టుబడమ్మా. రొయ్యల లారీ వస్తది."

పట్టుబడి ఆదివారంతో అయిపోయింది. సోమవారం హేమశ్రీ వచ్చేసరికి గున్నేశ్వరరావు మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నాలుగు రోజులాగి వెళ్దామన్నాడు. ఆ తర్వాత కరెంటాఫీసులో పనుందన్నాడు. ఆ తర్వాత ఆధార్ కనబడట్లేదన్నాడు. నరసాపురం బస్సులో అరగంట. ఆయన భయం దూరం గురించి కాదు. ఆఫీసులో ఫారం తీస్తారు. దాని మీద తన సంతకం ఉంటుంది. వాళ్ళే మార్చేశారని ఆ పిల్లకి చెప్పి ఉన్నాడు. వేరే దారి ఏదైనా ఉందేమోనని కస్టమర్ కేర్‌కి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఓనరు స్వయంగా రావాలని రెండుసార్లూ చెప్పారు.

మూడు శుక్రవారాలు వెళ్ళిపోయాయి. మూడో శుక్రవారం సాయంత్రం అమ్మణ్ణి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మోకాలు నొప్పంటిరి. పొద్దున చెరువు గట్టు మీద నాలుగుసార్లు తిరిగారంట?"

"ఎవడు చెప్పాడు?"

"మీ మోకాలే చెప్పింది." ఆమె పప్పు గిన్నె కింద పెట్టింది. "ఆధార్ బీరువాలో నా చీరల కింద ఎందుకుందండి?"

ఆయన పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"సోమవారం మీరు వెళ్తారా, లేకపోతే నేనే ఆ పిల్లకి ఉన్నది చెప్పెయ్యనా?"

"నీకేం తెలుసు ఉన్నది?"

"ఆ రోజు ఫైబరు పెట్టిన అబ్బాయికి టీ ఇచ్చింది నేను కాదేంటి?"

సోమవారం ఎనిమిదిన్నర బస్సుకి గున్నేశ్వరరావు, హేమశ్రీ నరసాపురం వెళ్ళారు. దారిలో చెప్పేద్దామనుకున్నాడు. పేరుపాలెం నుంచి వచ్చే పెళ్ళివాళ్ళతో బస్సు నిండింది. హేమశ్రీకి సీటు దొరకలేదు. ఆయనకి దొరికింది. బస్సు దిగాక చెబుదామనుకున్నాడు. దిగాక ఆమె ముందు నడిచింది.

కౌంటరులో జీవరాజే ఉన్నాడు.

"రండి రండి బాబాయిగారూ. స్పీడు బాగా వస్తందా అండి?"

"వస్తంది."

హేమశ్రీ పని చెప్పింది. జీవరాజు అలమరలోంచి ఫైలు తీసి, కాగితాలు తిప్పి, జూన్ పదకొండు నాటి ఫారం బయటపెట్టాడు. దాన్ని కౌంటరు మీద ఇద్దరికీ కనబడేలా తిప్పాడు.

"నేను రెండుసార్లు అడిగాను కదండీ బాబాయిగారూ, ఉంచుకోండి, డబ్బులేం పడవని. మీరేమన్నారు? 'పాతికేళ్ళు వీధి మొత్తానికి ఆపరేటరు ఉద్యోగం చేశానయ్యా, ఇకనన్నా రిటైరవ్వనీ' అన్నారు." జీవరాజు పక్క టేబులతన్ని పిలిచాడు. "ఏవండీ, చెప్పాను కదా, ఆపరేటరుగారని? ఈయనే."

పక్క టేబులతను నవ్వి నమస్కారం పెట్టాడు. గున్నేశ్వరరావు కూడా చేతులెత్తాడు. హేమశ్రీ వైపు చూడలేదు. ఆమె బ్యాగులోంచి పెన్ను తీసి క్యాపు తిప్పడం వినబడింది.

"సంతకం ఎక్కడండి పెట్టాలి?" అంది.

"మొన్న నువ్వొచ్చిన రోజే చూపించాను కదమ్మా నీకు. ఇదే ఫారం, వెనకవైపు."

గున్నేశ్వరరావు పెన్ను అందుకున్నాడు. ఆమె ఇక్కడికి వచ్చింది సెప్టెంబరు పదకొండున. ఆ రోజే ఫారం చూసింది. ఆ సాయంత్రమే వసారాలో నిలబడి, రేపు వస్తారా అండి అని అడిగింది. చెరువు పట్టుబడి గురించి విన్నది. మోకాలు గురించి విన్నది. ఒకరోజు నొప్పికి మాత్రలు కూడా తెచ్చిచ్చింది. వచ్చిన ప్రతిసారీ మావయ్యగారూ అనే పిలిచింది.

ఆయన సంతకం జూన్‌లో పెట్టినట్టు రాలేదు. జీవరాజు రెండూ పోల్చి చూసి, ఇంకోసారి పెట్టమన్నాడు.

బస్టాండులో మొగల్తూరు బస్సుకి ఇరవై నిమిషాలు టైముంది. బల్ల మీద ఇద్దరూ ఒక మనిషి పట్టేంత ఎడంలో కూర్చున్నారు.

"తెలిసీ నన్ను ఒక్క మాట అడగలేదేమ్మా?"

"అడిగితే మీరు వచ్చేవారా అండి?"

ఆయన ఆలోచించాడు. వచ్చి ఉండేవాడు కాదు.

"సంతకం మీదే కావాలన్నారు," అంది హేమశ్రీ. బస్సు వస్తోందేమోనని లేచి చూసింది.

బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. గున్నేశ్వరరావు సెల్లు నుంచి పాత నంబరు నొక్కాడు. వసారాలో ఫోను మోగింది. ఇంటర్నెట్ ఫోనుకి కరెంటు ఉండాలి. గురువారం భీమవరం నుంచి ఇన్వర్టరు తెప్పించి మోడెమ్‌కి కలిపించాడు.

శుక్రవారం ఒంటిగంటన్నరకి హేమశ్రీ వచ్చింది. కొట్లో సెలవు పెట్టింది. కలెక్టరేటులో రాయించుకున్న కాగితం ఆమె చేతిలో ఉంది. అమ్మణ్ణి భోంచెయ్యమంది. తినేసి వచ్చానంది. గున్నేశ్వరరావు ఫోను పక్కన తను రోజూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. హేమశ్రీ స్తంభం దగ్గర స్టూలు మీద కూర్చుంది. ఆయన కుర్చీ ఇవ్వబోయాడు. ఫరవాలేదండి అంది.

రెండు ముప్పై నాలుగుకి ఫోను మోగింది. దగ్గరగా ఉన్నది ఆయనే, తీశాడు.

"అన్నయ్యగారూ? మీరేనా అండి?" పాపాయి గొంతు. "అమ్మయ్య. వదినగారు బాగున్నారా? ఇన్ని వారాల నుంచీ నంబరు లేదంటంటే మీ ఇంట్లో ఎవరికేమయ్యిందోనని ఒకటే బెంగండి నాకు. ఆ ఇంట్లో ఫోను తియ్యకపోవడమనేది ఎప్పుడూ లేదు కదా అని. మీ ఆరోగ్యం ఎలా ఉందండి?"

"బాగుంది," అన్నాడు గున్నేశ్వరరావు. "హేమ ఇక్కడే ఉందమ్మా."

రిసీవరు హేమశ్రీకి ఇచ్చాడు. ఆమె నిలబడే మాట్లాడింది. ఏడవలేదు. కాగితం చూస్తూ ఒక్కో మాటా చెప్పింది. పాస్‌పోర్టు అక్కర్లేదు. జైల్లో పెట్టరు. శుక్రవారం వాళ్ళు బయటికెళ్ళాక ట్యాక్సీ ఎక్కు. ఇండియన్ ఎంబసీ అని చెప్పు, చాలు. అటువైపు నుంచి పాపాయి అన్నింటికీ ఊఁ కొడుతోంది. మధ్యలో ఏదో అడిగింది. హేమశ్రీ కాగితం మీంచి తలెత్తింది.

"ఏం లేదమ్మా. లైను పాడైంది. వానలకి."

గున్నేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"కాదు," అన్నాడు. "నన్ను చెప్పనీ అమ్మా. నేనే తీయించానని నన్ను చెప్పనీ. ఒకసారి ఇలా ఇవ్వు."

హేమశ్రీ మౌత్‌పీసుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆరు నిమిషాలయిపోయాయి మావయ్యగారూ. ఇంక నాలుగే ఉన్నాయి. మీది తర్వాతెప్పుడైనా చెబుదురు గాని."

చెయ్యి తీసి, మళ్ళీ కాగితంలోకి చూసింది. గున్నేశ్వరరావు కూర్చున్నాడు. హేమశ్రీ ఎంబసీ ఉన్న పేట పేరు చెప్పింది. పాపాయికి అది నోరు తిరగలేదు. హేమశ్రీ ముక్కలు చేసి మళ్ళీ చెప్పింది. అటువైపు నుంచి ఆ ముక్కలు ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి. కుర్చీ దాకా వినబడుతున్నాయి.