పెద్దాయన పస్తు

చచ్చిన చేపను బతికున్నట్టు ఆడించడం ఎంత కష్టమో ఈ అటెండరును అడగాలి. వేలెడంత చేప మొప్పల్లోంచి నల్లదారం గుచ్చి, స్టూలెక్కి, అద్దాల తొట్టి మూత సందులోంచి లోపలికి వదిలాడు. దారాన్ని కాస్త లాగాడు, ఆగాడు, మళ్ళీ చిన్నగా కుదిపాడు. చచ్చిన చేప ఈదినట్టే ఈదింది. తొట్టిలోని పెద్ద చేప మాత్రం దానివైపు కన్నెత్తి చూడలేదు.

కళ్ళాసుపత్రి హాల్లో, చీటీలు రాసే బల్ల పక్కన ఉంటుంది ఆ తొట్టి. చేప పొడవు మూడడుగులు. వెండిరంగు ఒళ్ళు, మూతి కింద రెండు మీసాలు. ఆ మీసాలు చూసే అందరూ దాన్ని పెద్దాయన అంటారు. ముప్పై ఎనిమిది రోజులుగా పెద్దాయన పస్తు. తల వెనక గుంట పడింది, పొట్ట వీపుకు అంటుకుపోయింది.

అంతకుముందు రోజూ బతికున్న చేపలే వేసేవాడు అటెండరు. ఒక కంటికి కట్టుతో కూర్చున్న పిల్ల రెండో కంటితో అది చూసి గుక్కపట్టి ఏడ్చింది. దాంతో డాక్టరమ్మ ఊరుకోలేదు.

"కళ్ళాసుపత్రిలో చూడకూడనివి చూపిస్తావేంటయ్యా? ఇక మీదట చచ్చినవే వెయ్యి. ఇంకోసారి బతికున్న చేపను వేశావో, నువ్వూ నీ పెద్దాయనా ఇద్దరూ బయటే."

ఆకలి రుచెరగదంటారు. ఆ మాట అన్నవాడు పెద్దాయన్ని చూసి ఉండడు.

తప్పెవరిదో అటెండరుకు తెలుసు. పదకొండేళ్ళ కిందట జానెడు పిల్లగా తెచ్చినప్పుడే అమ్మినవాడు చెప్పాడు, నాలుగు రోజులు కడుపు మాడ్చయినా చచ్చిన చేపల ముక్కలు అలవాటు చెయ్యమని. ఇతను ఒక్క రోజే ఓర్చుకున్నాడు. మర్నాడు అది అద్దం వెంబడి తిరుగుతుంటే మనసొప్పక బతికున్న చేపల్ని వేశాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా? తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది కూడా ఇలాగే. నలభై దగ్గరపడినా ఆ తమ్ముడు ఏ పనిలోనూ నెల నిలవడు. "మీ జాలి పాడుగాను, ఎవర్నీ బాగుపడనివ్వదు కదా" అంటుంది భార్య.

ఒంటిగంటన్నరకు హాలు ఖాళీ అయింది. డాక్టరమ్మ భోజనానికి వెళ్ళింది. ఇతను సంచిలోంచి క్యారియరు తీసి పక్కన పెట్టి, దాని కిందనుంచి నీళ్ళ కవరు తీశాడు. అందులో నాలుగు చిన్న చేపలు కదులుతున్నాయి. చీటీలు రాసే అమ్మాయి చూడనే చూసింది.

"బాబాయ్, ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. ఒక్కటి తింటే చాలమ్మా."

ఆ అమ్మాయి లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, ఇటు వీపు పెట్టి నిలబడింది.

కవరు ముడి విప్పి నాలుగింటినీ వదిలాడు. పెద్దాయన మీసాలు కదిలాయి. మెల్లగా వెనక్కి తిరిగింది, నోరు తెరిచింది, ఒకదాని మీదికి ఉరికింది. ఆ ఉరకడం సగంలోనే ఆగిపోయింది. చిన్నది తీరిగ్గా పక్కకు తప్పుకుంది. పెద్దాయన మరోసారి ప్రయత్నించింది. మూడోసారి ఓపిక లేక అడుక్కి దిగి, పక్కకు ఒరిగింది. కాసేపటికి చిన్న చేపలకు భయం పోయింది. ఒకటి దగ్గరికొచ్చి పెద్దాయన తోకను కొరికి చూసింది.

"తిను నాయనా," అన్నాడు అటెండరు అద్దానికి మొహం ఆనించి. "నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్కటి తిను."

చేపకు కాళ్ళుండవన్న సంగతి ఆ ఘడియలో అతనికి తోచలేదు. స్టూలెక్కి, భుజం దాకా చెయ్యి ముంచి కొరికేదాన్ని తరిమాడు. అరచేతిని పొట్ట కింద పెట్టి పెద్దాయన్ని నిలబెట్టాడు. పదకొండేళ్ళలో ఒక్కనాడూ ముట్టుకోనివ్వని ప్రాణి, ఇవాళ చేతిలో ఒదిగిపోయింది. మొప్పలు రెండుసార్లు తెరుచుకున్నాయి. తర్వాత తెరుచుకోలేదు.

డాక్టరమ్మ వచ్చేసరికి పెద్దాయన్ని తువ్వాలులో చుట్టి, రెండు చేతుల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ తొట్టిలో తిరుగుతున్న నాలుగు చేపల్ని చూసింది. తిట్టబోయి ఆగింది.

"తినలేదా?" అంది.

"లేదండి. చిన్నప్పుడు నేనే తిండి నేర్పలేదండి."

అంతే చెప్పి పెరటి తలుపు వైపు నడిచాడు. అతను నిలబడ్డ చోట, తడి గచ్చు మీద ఒక పొలుసు మిగిలింది. చొక్కా గుండీకి రెట్టింపు ఉంటుంది, ఇంకా తడిగానే ఉంది.