బండి వెనక జొన్నరొట్టె

ఎల్బీనగర్‌లో తమ రొట్టెల దుకాణం షట్టర్ ఎత్తినప్పుడల్లా సైదమ్మకు దిల్‌సుఖ్‌నగర్‌లోని పాత బండే గుర్తొస్తుంది. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఆమె, మొగుడు మట్టయ్య అక్కడ ఇడ్లీలు అమ్మేవాళ్లు. పట్నపోళ్లు ఇడ్లీ తప్ప ఇంకోటి ముట్టరని వాళ్ల నమ్మకం. చుట్టూ అన్నీ ఇడ్లీ బండ్లే. వీళ్ల బండి దగ్గర ఈగలు తోలుకోవడమే పని. ఆకలైతే ఇద్దరూ బండి వెనక నక్కి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తినేవాళ్లు. ఎవరైనా చూస్తే నామోషీ మరి!

ఒక పొద్దున తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన నేరుగా బండి వెనక్కి వచ్చాడు.

"బిడ్డా, నాకో రొట్టె పెట్టు."

సైదమ్మ గబుక్కున పళ్లెం మీద కొంగు కప్పింది. "ఇది అమ్మేది కాదు పెద్దయ్యా. మేం తినేది."

"అమ్మేదైతే నేనెందుకు అడుగుత?"

పెట్టక తప్పలేదు. ఆయన రొట్టె పట్టుకొని బండి ముందుకొచ్చి, నడిరోడ్డు మీద నిలబడి కమ్మగా తిన్నాడు. కోచింగ్‌కు పోయే పిల్లలు ఆగి చూశారు.

"ఆంటీ, మాకు గూడ గదే పెట్టు!"

ఆ సందడిలో ఆయన ఎటు పోయాడో తెలియలేదు. పేరైనా అడగలేదు. మర్నాటి నుంచి ఇడ్లీ పాత్ర పొయ్యెక్కలేదు.

ఇప్పటికీ సైదమ్మ రోజూ ఒక రొట్టె తన చేత్తో కొట్టి, లోపల మూతపెట్టి ఉంచుతుంది. గిరాకీ ఎంతున్నా దాన్ని ముట్టనివ్వదు.

"ఆయనొస్తే గీ దుకాణంల రొట్టెలకు కరువా?" అని మట్టయ్య విసుక్కుంటాడు.

"అమ్మే రొట్టె ఆయన అడగడయ్యా" అంటుంది సైదమ్మ.